విడిగా ఒప్పు, కలిపితే తప్పు: బడి ఏడాది ప్రణాళికను లెక్కలతో సమీక్షించడం ఎలా?

జూన్ 12న బడులు తెరుస్తారు. మొదటి వారం తిరక్కముందే ప్రతి టీచరూ తన సబ్జెక్టుకు వార్షిక ప్రణాళిక రాసి హెడ్మాస్టరు సంతకం తీసుకుంటారు. గణితం ప్రణాళిక గణితానికి సరిపోతుంది, సాంఘికం ప్రణాళిక సాంఘికానికి సరిపోతుంది. తెలుగు, హిందీ, ఇంగ్లిష్, సైన్సు ఏది విడిగా తీసి చూసినా వంక పెట్టడానికి ఉండదు. అయితే ఈ కాగితాలన్నీ చివరికి చేరేది ఒకే పిల్ల దగ్గరికి, ఆమెకున్న ఒకే రోజులోకి. ఆరుగురు టీచర్లు అడిగేదంతా కలిపితే ఆ రోజులో పడుతుందా? ఒక సబ్జెక్టు అడిగేదాన్ని ఇంకో సబ్జెక్టు అప్పటికే నేర్పిందా? నిరుడు జారిపోయింది ఈ ఏడాది ఎక్కడైనా మళ్లీ అందుతుందా? ఈ ప్రశ్నలకు ఏ ఒక్క సబ్జెక్టు ప్రణాళికా జవాబు చెప్పదు. అన్నిటినీ పక్కపక్కన పరిచి కూడితేనే తెలుస్తుంది.

బడి మొత్తం ప్రణాళికను సమీక్షించడమంటే ఆ కూడిక చేయడమే. దానికి క్యాలెండరు, టైంటేబుల్, పాఠ్యపుస్తకాల విషయసూచికలు, మార్కుల రిజిస్టరు ఉంటే చాలు. ఒక్కో లెక్కా వరసగా చూద్దాం. చట్టం, జాతీయ పత్రాలు చెప్పిన అంకెలు ఉన్నవి ఉన్నట్టు ఉంటాయి. ఉదాహరణకు వేసుకున్న అంకె అయితే ఉదాహరణ అనే చెబుతాం.

365లో మిగిలేది 180

మొదటిది కాలం లెక్క. 2009లో చేసిన, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం తన షెడ్యూలులో కనీస కాలాన్ని అంకెల్లో రాసింది. 1 నుంచి 5వ తరగతి వరకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధనా గంటలు. 6 నుంచి 8వ తరగతి వరకు 220 పనిదినాలు, 1,000 గంటలు. అంటే చిన్న తరగతుల్లో రోజుకు 4 గంటలు, పెద్ద తరగతుల్లో 4 గంటల 33 నిమిషాలు. ఒకటో తరగతిలో చేరిన బిడ్డ ఎనిమిదో తరగతి దాటేసరికి ఆమెకు చట్టం హామీ ఇచ్చిన కాలం మొత్తం 7,000 గంటలు.

మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇటీవలి ఏళ్లలో బడి జూన్ 12న తెరిచి ఏప్రిల్ 23 ప్రాంతంలో మూస్తున్నారు. మధ్యలో 316 రోజులు. అందులోంచి దాదాపు 45 ఆదివారాలు, పది రెండో శనివారాలు, దసరా, సంక్రాంతి సెలవులు, మిగతా పండుగలు తీసేస్తే పనిదినాలు 230కి అటూఇటూగా తేలుతున్నాయి. కాగితం మీద చట్టం అడిగినదానికంటే పది రోజులు ఎక్కువే.

కానీ బడి తెరిచిన ప్రతి రోజూ పాఠం జరగదు. 2023లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం ఈ సంగతిని దాచకుండా లెక్కలోకి తీసుకుంది. 220 రోజుల్లో సుమారు 20 రోజులు పరీక్షలకు, ఇంకో 20 రోజులు బడి కార్యక్రమాలకు పోతాయని చెప్పి, పాఠానికి 180 రోజులే మిగిల్చింది. వాటిని 34 వారాలుగా, వారానికి 29 బోధనా గంటలుగా లెక్కగట్టింది. 34ను 29తో హెచ్చిస్తే 986 గంటలు. చట్టం చెప్పిన వెయ్యికి దాదాపు సమానం.

సమీక్షకు కూర్చునేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన మొదటి అంకె ఈ 34. టైంటేబుల్లో వారానికి ఒక పీరియడ్ అంటే ఏడాదికి 34 పీరియడ్లు. వారానికి ఆరంటే 204. ఏ సబ్జెక్టు ప్రణాళికలోనైనా పీరియడ్ల మొత్తం ఈ హెచ్చవేతను దాటిపోతే, ఆ ప్రణాళిక రాసిన రోజే తప్పిపోయినట్టు.

14 అధ్యాయాలు, 150 పీరియడ్లు

తెలంగాణ పదో తరగతి గణితం పుస్తకం విషయసూచిక తెరవండి. వాస్తవ సంఖ్యల దగ్గర మొదలై సాంఖ్యకశాస్త్రం దాకా 14 అధ్యాయాలు. ప్రతి అధ్యాయం పక్కన రెండు గడులు ఉంటాయి. ఒకదాంట్లో ఆ పాఠానికి ఎన్ని పీరియడ్లు పడతాయో, ఇంకోదాంట్లో ఏ నెలలో అయిపోవాలో రాసి ఉంటుంది. పుస్తకం రాసినవాళ్లు కాలాన్ని కూడా పాఠంలో భాగంగానే చూశారు. సమీక్షలో మొట్టమొదట తెరవాల్సిన పేజీ ఇదే. చాలామంది పాఠం పేరు చూసి పేజీ తిప్పేస్తారు.

ఇప్పుడు ఉదాహరణకు ఒక లెక్క. గణితానికి వారానికి 6 పీరియడ్లు అనుకుందాం. 34 వారాలకు 204. ఒక్కో అధ్యాయానికి సగటున పద్నాలుగున్నర పీరియడ్లు. బాగానే ఉంది. కానీ తెలంగాణ విద్యా క్యాలెండరు పదో తరగతి సిలబస్‌ను జనవరి 10 నాటికి ముగించమంటుంది. ఆ తర్వాత పునశ్చరణ, ప్రత్యేక తరగతులు, ప్రీఫైనల్. జూన్ 12 నుంచి జనవరి 10 వరకు క్యాలెండరులో 213 రోజులు, అంటే 30 వారాల పైచిలుకు. దసరా సెలవులు, పరీక్షల రోజులు తీసేస్తే చేతికి 25 వారాలు దక్కుతాయనుకోండి. 25ను 6తో హెచ్చిస్తే 150. అధ్యాయానికి 11 పీరియడ్లు కూడా లేవు.

పద్నాలుగున్నరకూ పదకొండుకూ మధ్య పోయిన ఆ మూడున్నర పీరియడ్లలో ఏముంటుంది? పాఠం మొదటిసారి అర్థంకాని పిల్లలకు రెండోసారి చెప్పే పీరియడ్, పిల్లలే బోర్డు దగ్గరికొచ్చి లెక్క చేసే పీరియడ్, స్లిప్ టెస్టు తర్వాత తప్పులు మాట్లాడుకునే పీరియడ్. పాఠ్యాంశం ఎలాగో పూర్తవుతుంది; అర్థమయ్యే వ్యవధే జారిపోతుంది. దాన్ని తర్వాత పునశ్చరణలో పూడుస్తామంటే కుదరదు. మొదటిసారి ఎక్కనిది రెండోసారి చదివినా బట్టీగానే మిగులుతుంది.

అందుకే పదో తరగతి ప్రణాళికను సమీక్షించేటప్పుడు 204ను చూడకూడదు, 150ని చూడాలి. ప్రతి తరగతికీ ప్రతి సబ్జెక్టుకూ ఇలా నిజంగా దొరికే పీరియడ్లను విడిగా రాసుకుంటే సగం గొడవ అక్కడే బయటపడుతుంది.

శనివారం ఆఖరి పీరియడ్ ఎవరిది?

రెండోది పంపకం లెక్క. బడి గోడకు అంటించిన టైంటేబుల్లో అన్నీ కనిపిస్తాయి. ఆటలు, డ్రాయింగు, లైబ్రరీ, కంప్యూటరు. 2023 చట్రం ఎనిమిది రంగాలను చెప్పింది: భాషలు, గణితం, సైన్సు, సాంఘికశాస్త్రం, కళలు, వ్యాయామ విద్య, వృత్తి విద్య, సబ్జెక్టుల మధ్య గోడలు దాటే అంశాలు. విద్యాహక్కు చట్టం కూడా ప్రతి బడికీ గ్రంథాలయం ఉండాలంది. 6 నుంచి 8వ తరగతుల బడిలో వందమంది పిల్లలు దాటితే కళలు, వ్యాయామం, పని విద్య నేర్పే పార్ట్‌టైం బోధకులు ఉండాలంది.

ఇప్పుడు ఆ పీరియడ్లు వారంలో ఎక్కడ పడ్డాయో చూడండి. లైబ్రరీ పీరియడ్ శనివారం ఆఖరున పెట్టారనుకుందాం. రెండో శనివారాలు సెలవు కాబట్టి ఏడాదికి దాదాపు పదిసార్లు ఆ పీరియడ్ ముందే పోయింది. 34 అనుకున్నది 24కు దిగింది. ఎవరూ కావాలని తీసేయలేదు, కానీ టైంటేబుల్ వేసిన రోజే మూడో వంతు దాకా కోత పడింది. అదే పీరియడ్‌ను మంగళవారం మధ్యలోకి మారిస్తే, రూపాయి ఖర్చు లేకుండా పది పీరియడ్లు తిరిగొస్తాయి.

ఆటలదీ ఇదే కథ. వారానికి రెండు చొప్పున ఏడాదికి 68 ఆటల పీరియడ్లు ఉన్నాయనుకోండి. పరీక్షలు దగ్గరపడ్డాయని ఎనిమిది వారాలు వాటిని లెక్కలకో సైన్సుకో ఇస్తే 16 పోతాయి. దాదాపు నాలుగో వంతు. గణితం ప్రణాళికలో ఇది అదనపు తరగతిగా కనిపిస్తుంది. ఆటల వైపు నుంచి చూస్తేనే కోతగా కనిపిస్తుంది. బడి మొత్తాన్ని ఒకచోట పెట్టి చూసే సమీక్షలో తప్ప ఈ రెండో ముఖం ఎవరికీ కనబడదు.

6వ తరగతి: మొదటి పాఠం అడిగింది, పదకొండో పాఠంలో ఉంది

మూడోది వరస లెక్క. ఒక సబ్జెక్టు ఇంకో సబ్జెక్టును ఏం అడుగుతోంది?

2012లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన 6వ తరగతి పుస్తకాల్లోనే మంచి ఉదాహరణ ఉంది. సాంఘికశాస్త్రంలో మొదటి పాఠం పటాలు చదవడం, గీయడం. పటం మీద ఇన్ని సెంటీమీటర్లు నేల మీద ఇన్ని కిలోమీటర్లు అన్న స్కేలు అక్కడే వస్తుంది. స్కేలు అర్థం కావాలంటే నిష్పత్తి తెలియాలి. గణితం పుస్తకంలో నిష్పత్తి, అనుపాతం 14 అధ్యాయాల్లో పదకొండోది. సాంఘికం టీచరు జూన్‌లో అడిగే దాన్ని గణితం టీచరు చాలా నెలల తర్వాత చెబుతారు. ఇద్దరూ తమ పుస్తకం వరస తప్పలేదు. మధ్యలో పిల్లలు మాత్రం స్కేలును అర్థం చేసుకోకుండా కంఠస్థం చేస్తారు.

దీన్ని సరిచేయడానికి పుస్తకం మార్చనక్కర్లేదు. గణితం టీచరు జూన్‌లో రెండు పీరియడ్లు నిష్పత్తికి కేటాయించవచ్చు. లేదా సాంఘికం టీచరు స్కేలు భాగాన్ని పక్కనపెట్టి, దిక్కులు, గుర్తులతో మొదలుపెట్టి, నిష్పత్తి అయ్యాక మళ్లీ అక్కడికి రావచ్చు. ఇద్దరూ అరగంట ఒకే బల్ల దగ్గర కూర్చుంటే తేలే పని ఇది. ఏడాది పొడవునా ఒకే స్టాఫ్‌రూంలో ఉన్నా, ఆ అరగంట ప్రణాళికలో రాసి ఉంటే తప్ప దొరకదు.

తరగతి నుంచి తరగతికి ఎక్కే మెట్లను కూడా ఇలాగే చూడాలి. అదే వరస పుస్తకాల్లో భిన్నాలు 6వ తరగతిలో ఏడో అధ్యాయం. 7వ తరగతిలో రెండో అధ్యాయం. 8వ తరగతిలో అకరణీయ సంఖ్యలతోనే పుస్తకం మొదలవుతుంది. అంటే ఆరులో ఏడాది మధ్యలో వచ్చిన అంశం పై తరగతుల్లో బడి తెరిచిన మొదటి వారాల్లోనే ఎదురవుతుంది. వేసవి సెలవుల్లో మరిచినవాళ్లకు గుర్తుచేసుకునే వ్యవధి ఉండదు. అందుకే జూన్‌లో పెట్టే బ్రిడ్జి కోర్సు ఎన్ని రోజులన్నదాని కంటే, అందులో ఏ అంశం ఉందన్నది ముఖ్యం. ఏడో తరగతి బ్రిడ్జి కోర్సులో భిన్నాలు లేకపోతే అది మొక్కుబడి తంతే.

96 గడులు, 24 ప్రాజెక్టులు

నాలుగోది భారం లెక్క. కలిపితే తప్పు దొరికేది అన్నిటికంటే ఇక్కడే.

మన దగ్గర నిరంతర సమగ్ర మూల్యాంకనంలో ఏడాదికి నాలుగు నిర్మాణాత్మక మూల్యాంకనాలు (ఎఫ్‌ఏలు) ఉంటాయి. తెలంగాణలో ఒక్కో ఎఫ్‌ఏకి నాలుగు సాధనాలు: పిల్లల భాగస్వామ్యం, రాత పనులు, ప్రాజెక్టు పని, స్లిప్ టెస్టు. ఏ సబ్జెక్టు టీచరుకైనా ఒక ఎఫ్‌ఏకి ఒక ప్రాజెక్టు అడగడం న్యాయంగానే అనిపిస్తుంది. ఆరు సబ్జెక్టులు, నాలుగు ఎఫ్‌ఏలు. ఒక పిల్లకు ఏడాదికి 24 ప్రాజెక్టులు. 34 వారాల్లో 24 అంటే పది రోజులకొకటి. ఇన్ని ప్రాజెక్టులు ఏ పిల్ల ఆలోచించి చేయగలదు? చార్టు కొని, గైడు చూసి దించి, అట్ట వేసి ఇవ్వడమే మిగులుతుంది. ప్రాజెక్టు పెట్టిన ఉద్దేశమే గంగలో కలుస్తుంది.

టీచరు వైపు నుంచి చూడండి. నాలుగు సాధనాలు, ఆరు సబ్జెక్టులు, నాలుగు ఎఫ్‌ఏలు కలిపి ఒక పిల్ల పేరు మీద 96 గడులు నింపాలి. ఐదు సెక్షన్లకు, సెక్షనుకు 40 మంది చొప్పున 200 మందికి చెప్పే ఒక్క టీచరు ఏడాదికి 3,200 గడులు నింపుతారు. విద్యాహక్కు చట్టం టీచరుకు వారానికి కనీసం 45 గంటల పని చెబుతూ, పాఠానికి సిద్ధమయ్యే కాలాన్ని కూడా అందులోనే కలిపింది. 45 నిమిషాల పీరియడ్లు వారానికి 30 చెబితే తరగతి గదిలో ఇరవై రెండున్నర గంటలు, సరిగ్గా సగం. మిగతా సగంలో 200 నోటుబుక్కులను పుస్తకానికి మూడు నిమిషాల చొప్పున ఒక్కసారి దిద్దితే పది గంటలు. ఇక పాఠానికి సిద్ధమయ్యేది ఎప్పుడు, రికార్డులు రాసేది ఎప్పుడు? ప్రణాళికను సమీక్షించేవాళ్లు టీచరు వారాన్ని కూడా ఇలా గంటల్లో రాసి చూడాలి. టీచరుకు అందని ప్రణాళిక పిల్లలకు అందదు.

ఇంటి పని కూడా ఈ ఖాతాలోదే. 2020లో కేంద్రం తెచ్చిన బడి సంచి విధానం రెండో తరగతి వరకు ఇంటి పనే వద్దంది. 3 నుంచి 5వ తరగతి వరకు వారానికి రెండు గంటలు, 6 నుంచి 8 వరకు రోజుకు గంట, ఆపైన రోజుకు రెండు గంటలు మించొద్దంది. ఏడో తరగతిలో ఆరుగురు టీచర్లు తలా 20 నిమిషాల పని ఇచ్చారనుకోండి. ఎవరిదీ ఎక్కువ కాదు. కలిపితే రెండు గంటలు, పరిమితికి రెట్టింపు. ఏ సబ్జెక్టు పని ఏ రోజో వారానికోసారి పంచుకుంటే ఈ చిక్కు తీరిపోతుంది.

ఈ భారం గురించి దేశం ఇప్పుడే మాట్లాడటం లేదు. ఆచార్య యశ్‌పాల్ అధ్యక్షతన వేసిన కమిటీ 1993లోనే నివేదిక ఇచ్చింది. సంచి మోయడం కంటే, చదివింది అర్థంకాకపోవడమే పిల్లల మీద పెద్ద బరువని ఆ కమిటీ తేల్చింది. తర్వాత 2005 జాతీయ పాఠ్యప్రణాళికా చట్రానికీ యశ్‌పాలే సారథ్యం వహించారు. ఆ బాటలోనే మన దగ్గర 2011 రాష్ట్ర విద్యాప్రణాళికా చట్రం, 2012 నుంచి కొత్త పుస్తకాలు వచ్చాయి. పత్రాలు మారాయి. బడి స్థాయిలో కూడిక చేయకపోతే ఆ మార్పు పిల్లల దాకా చేరదు.

అనుకున్నది, జరిగినది, అందినది

ఐదోది ఫలితం లెక్క. గణితం, సైన్సుల్లో దేశాల స్థాయిని పోల్చే టిమ్స్ సర్వేలు చేసే ఐఈఏ సంస్థ పాఠ్యప్రణాళికను మూడు అంతస్తులుగా చూస్తుంది: ప్రభుత్వం అనుకున్నది, తరగతిలో జరిగినది, పిల్లలకు అందినది. బడి సమీక్షకు ఇంతకంటే పనికొచ్చే చట్రం ఇంకోటి లేదు. ఒక తెల్లకాగితం మీద మూడు నిలువు గడులు గీసి ప్రతి అధ్యాయాన్నీ రాయవచ్చు. మొదటి గడి పుస్తకంలో ఉంటుంది. రెండోది టీచరు డైరీలో ఉంటుంది. మూడోదే రాయడం కష్టం, కానీ సమీక్షకు ప్రాణం అదే.

మొదటికీ మూడోదానికీ మధ్య దూరం ఎంతో జాతీయంగా తెలిసిందే. గ్రామీణ భారతంలో జరిగే అసర్ సర్వే ప్రకారం 3వ తరగతి పిల్లల్లో 2వ తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 2018లో 27.3 శాతం. కరోనా తర్వాత 2022లో 20.5కు పడిపోయి, 2024లో 27.1కి లేచారు. 5వ తరగతిలో ఇదే పాఠం చదవగలిగినవాళ్లు 2024లో 48.8 శాతం. అంటే సగం మంది ఐదో తరగతి పుస్తకం చేతపట్టుకుని రెండో తరగతి పాఠం దగ్గర ఆగిపోతున్నారు. 2021 జులైలో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్, 2022 ఆగస్టు 15న తెలంగాణ మొదలుపెట్టిన తొలిమెట్టు ఈ దూరాన్ని తగ్గించడానికి వచ్చినవే.

పరిశోధకులు లాంట్ ప్రిట్చెట్, అమాండా బీటీ 2012లో రాసిన పత్రంలో దీని వెనకున్న ఒక కారణాన్ని చూపించారు. పాఠ్యప్రణాళిక పిల్లలు నేర్చుకునే వేగం కంటే ముందు పరిగెడితే, వెనకబడినవాళ్లకు ఆ తర్వాత ఏ పాఠమూ అందదు, నేర్చుకోవడమే ఆగిపోతుంది. వేగం తగ్గిస్తే మొత్తం మీద నేర్చుకునేది పెరగవచ్చని వారి లెక్క. సిలబస్ ముందే ముగించామని సంతోషపడే బడులు ఈ మాట మీద కాస్త నిలబడి ఆలోచించాలి.

ఒక ప్రశ్న, 80 జవాబులు

అందినది కొలవాలంటే సగటు మార్కు చాలదు. 40 మంది ఉన్న సెక్షనులో అందరికీ 50 వచ్చినా సగటు 50, సగం మందికి 80, మిగతా సగానికి 20 వచ్చినా సగటు 50. ఒకచోట అందరూ పాస్, ఇంకోచోట 35 దాటనివాళ్లు 20 మంది. ఉత్తీర్ణత శాతమూ అంతే. పదో తరగతిలో 2025లో తెలంగాణ 92.78 శాతం, ఆంధ్రప్రదేశ్ 81.14 శాతం ఉత్తీర్ణత చూపాయి. ఆంధ్రప్రదేశ్‌లో అంతకుముందు ఏడాది 86.69. ఈ అంకెలు చూసి ఏ బడీ తన ప్రణాళికలో ఏ పాఠాన్ని సరిచేయాలో చెప్పలేదు.

దానికి ప్రశ్నవారీ లెక్క కావాలి. ఉదాహరణకు 6వ తరగతి రెండు సెక్షన్లు, 80 మంది. 3/4కు 1/6 కలపమని అడిగారు. ఒక నోటుబుక్కులో జవాబు 4/10. పైనవి పైన, కిందవి కింద కూడేసింది ఆ పిల్ల. ముప్పావుకు ఇంకాస్త కలిపితే సగం కంటే తక్కువ ఎలా వచ్చిందన్న అనుమానం ఆమెకు రాలేదు. భిన్నం అంటే ఎంత అన్నదే మనసులో నిలవలేదు. సరైన జవాబు 11/12కు ఎంతమంది చేరారో లెక్కపెట్టండి.

ఎ సెక్షనులో 9 మంది, బి సెక్షనులో 11 మంది సరిగా చేస్తే లోపం ప్రణాళికలో ఉంది. ఆ పాఠానికి కాలం చాలలేదు, లేదా కింది తరగతిలో పునాది పడలేదు. ఎ సెక్షనులో 31 మంది, బి సెక్షనులో 11 మంది అయితే బి సెక్షనులో ఏం జరిగిందో చూడాలి. సెలవులకు పీరియడ్లు పోయాయా, టీచరు ఎన్నికల విధులకో శిక్షణకో వెళ్లారా? రెండు సెక్షన్లలోనూ 28 మంది చొప్పున చేసి, చేయనివాళ్లు ఒక్కో సెక్షనులో ప్రతి ప్రశ్నకూ అదే 12 మంది అయితే ప్రణాళిక బాగానే ఉంది, ఆ పిల్లలకు విడిగా సాయం కావాలి. ఒకే ప్రశ్న, మూడు రకాల అంకెలు, మూడు వేర్వేరు మందులు. ఇది చూడకుండా అందరికీ గంపగుత్తగా అదనపు తరగతులు పెడితే కాలం ఖర్చవుతుంది, జబ్బు అలాగే ఉంటుంది.

ప్రతి ప్రశ్ననూ ఇలా చూడనక్కర్లేదు. ఒక్కో సబ్జెక్టులో పై తరగతికి తప్పనిసరైన ఐదు అంశాలు ఎంచుకుని, మొదటి సంగ్రహణాత్మక మూల్యాంకనం అయిన ఎస్‌ఏ-1 తర్వాత వాటికి మాత్రం లెక్క వేస్తే చాలు.

బడి చేతిలో ఉన్నది ఎంత?

సిలబస్ ప్రభుత్వం నిర్ణయిస్తుంది, మేమేం మార్చగలమని చాలామంది అడుగుతారు. సగం నిజమే. విద్యాహక్కు చట్టం 29వ సెక్షను ప్రకారం పాఠ్యప్రణాళికను నిర్ణయించేది రాష్ట్రం గుర్తించిన విద్యాధికార సంస్థ. 24వ సెక్షను ప్రకారం దాన్ని నిర్ణీత కాలంలో పూర్తిచేయడం టీచరు విధి. బడి పుస్తకం మార్చలేదు, అధ్యాయం తీసేయలేదు.

కానీ పైన చూసిన తప్పుల్లో ఎన్నిటికి పుస్తకం మార్చాలి? శనివారం లైబ్రరీ, స్కేలుకు ముందు నిష్పత్తి, ఆరు సబ్జెక్టుల ఇంటి పని, 24 ప్రాజెక్టులు, బ్రిడ్జి కోర్సులో ఏముండాలి, జనవరి దాకా ఉన్న పీరియడ్లను ఏ పాఠానికి ఎన్ని పంచాలి, అన్నీ బడిలోనే తేలతాయి. ప్రాజెక్టుల సంగతే తీసుకోండి. ఊరి చెరువు మీద ఒకే ప్రాజెక్టు చేస్తే సాంఘికం టీచరు దాని చరిత్ర చూడవచ్చు, సైన్సు టీచరు నీటిని పరీక్షించిన తీరు చూడవచ్చు, గణితం టీచరు కొలతలు, తెలుగు టీచరు నివేదిక రాసిన భాష చూడవచ్చు. నాలుగు ప్రాజెక్టులు ఒకటవుతాయి. మార్కులు నాలుగు సబ్జెక్టులకూ వస్తాయి. పిల్లలకు ఆలోచించే వ్యవధి నాలుగింతలవుతుంది.

తల్లిదండ్రులకూ ఇందులో చట్టబద్ధమైన చోటుంది. పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది మహిళలు ఉండాలి. బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేయాల్సిందీ ఆ కమిటీయే. గోడలకు సున్నం, మరుగుదొడ్ల మరమ్మతులతో పాటు, మా అమ్మాయి రోజుకు ఎంతసేపు ఇంటి పని చేస్తోంది, వారానికి ఎన్నిసార్లు గ్రంథాలయానికి వెళ్లింది అని అడిగే హక్కు ఆ తల్లులకు ఉంది. చదువు రాని తల్లి కూడా అడగగలిగిన ప్రశ్నలివి. జవాబు ఇంట్లో ఆమె కళ్లముందే ఉంటుంది.

మొత్తం ఖర్చు: ఒక్క పనిదినం

ఇదంతా చేయడానికి తీరికెక్కడిదన్న ప్రశ్న న్యాయమైనదే. అదీ లెక్కిద్దాం. ఏడాదికి మూడు సమావేశాలు, ఒక్కోటి 90 నిమిషాలు.

జూన్‌లో బడి తెరిచిన మొదటి వారం: అందరి వార్షిక ప్రణాళికలు ఒక బల్ల మీద పరిచి నెలవారీగా చదవాలి. ఏ అంశం దేనికి ముందు రావాలి, నిజంగా దొరికే పీరియడ్లు ఎన్ని, ప్రాజెక్టులు ఎన్ని కలపవచ్చు, ఇంటి పని ఏ రోజు ఎవరిది అన్నవి తేల్చాలి.

ఎస్‌ఏ-1 తర్వాత: సబ్జెక్టుకు ఐదు అంశాల ప్రశ్నవారీ లెక్క చూడాలి. టైంటేబుల్లో ఉన్న పీరియడ్లు, జరిగిన పీరియడ్లు పోల్చాలి.

ఫిబ్రవరి నెలాఖరు: పై తరగతి టీచరు కింది తరగతి టీచరును కలిసి, ఏ అంశం ఎంతమందికి అందలేదో రాసుకోవాలి. వచ్చే జూన్ బ్రిడ్జి కోర్సు ఆ కాగితం నుంచే పుట్టాలి.

మూడు కలిపి 270 నిమిషాలు, నాలుగున్నర గంటలు. చట్టం 6 నుంచి 8వ తరగతులకు చెప్పిన రోజువారీ బోధనా కాలం 4 గంటల 33 నిమిషాలు. ఏడాదిలో 220 రోజులు సరిగా సాగాలని ఒక్క రోజు కాలాన్ని వెచ్చించడం ఎక్కువేమీ కాదు.

ఒక్క షరతు. ప్రతి సమావేశం టైంటేబుల్లోనో ప్రణాళికలోనో కనీసం ఒక మార్పుతో ముగియాలి. ఏం తీసేశాం, ఏం జరిపాం, ఎవరు చేస్తారు, ఏ తేదీకి అన్నది మినిట్స్ బుక్కులో రాయాలి. కొత్తగా ఏదైనా చేర్చితే, దానికి పట్టే పీరియడ్లను ఎక్కడినుంచి తెచ్చారో పక్కనే రాయాలి. 34 వారాలు పెరగవు కాబట్టి ప్రతి కూడికకూ ఒక తీసివేత ఉండి తీరాలి. ఆ తీసివేత రాయలేని సమీక్ష ఎంత బాగా సాగినా పిల్లల రోజులో ఏమీ మారదు. చట్టం ఆ పిల్లలకు రాసిచ్చిన 7,000 గంటల్లో ఒక్కటి వృథా పోయినా మళ్లీ తెచ్చివ్వలేం. వాటిని పంచే పెద్దలు ఏడాదికి ఒక్క రోజు కలిసి కూర్చుని ఆ లెక్క చూడటం కనీస బాధ్యత.